హజ్జా బావిలో బెత్తెడు నీళ్లు

2023 ఫిబ్రవరి ఎనిమిది, బుధవారం, ఉదయం పదిన్నర. ఈ తేదీని, ఈ గంటను నా జ్ఞాపకం మీద భరోసాతో రాయడం లేదు. దీవి మీద ఇసుకలో నిలబడి ఒక ఆఫీసరు తన ఫోన్లో రికార్డు చేసుకుంటూ పైకి చెప్పాడు, పక్కనున్న నేను విన్నాను. విన్నది రాస్తున్నాను. విన్నదాన్ని, చూసినదాన్ని ఇలా వేరుచేసి చెప్పే అలవాటు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒక ముసలమ్మ నన్ను ఏళ్ల తరబడి సతాయించి అంటించి పోయింది.

ఈ పొద్దున తోటమాలి పైపుతో పెరట్లో ఇసుక తడిపాడు. ఎండకు కాలిన ఇసుక మీద నీళ్లు పడగానే లేచే వాసన వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చింది. మా ఊరి తొలకరి వాసన లాంటిది కాదది. అందులో మట్టి ఉండదు. కాస్త ఉప్పు, కాస్త ఎండిన చేప, పాత గవ్వల వాసన ఉంటాయి. టీకి నీళ్లు పట్టినదాన్ని గిన్నెలో పోయకుండా నాలుక కొసకు తగిలించి చూశాను. ఫిల్టరు నీళ్లు. వాటిలో చూడాల్సింది ఏమీ లేదని నాకు తెలుసు. అయినా చూశాను, చూశాక నా మీద నాకే చిరాకు వేసింది. మనిషి పోయినా ఆమె పెట్టిన పని పోలేదు.

ఆమెను అందరూ హజ్జా అనేవారు. మక్కా వెళ్లొచ్చిన పెద్ద ఆడమనిషిని ఇక్కడ అలా పిలుస్తారు. అబుదాబిలో ఆమె కొడుకు రాషిద్ ఇంట్లో నేను వంటమనిషిని. రాషిద్ నా కఫీల్, అంటే నా వీసా అతని పేరు మీద ఉంది. నా పేరు లచ్చవ్వ. మాది జగిత్యాల వైపు, బావులు తవ్వే ఇల్లు. మా ఆయన గడ్డపార వేస్తే నేను తట్ట మోసేదాన్ని. ఊరూరా బోర్లు పడ్డాక బావి తవ్వించేవాడు లేకుండా పోయాడు. ఆయనా పోయాడు. దుబాయ్ అని బయలుదేరి అబుదాబిలో దిగాను. మా ఊళ్లో రెండింటికీ ఒకటే పేరు.

నేను బతికిన బతుకులో హజ్జా అంత విసిగించిన మనిషి ఇంకొకరు లేరు. టీ తెస్తే నీళ్లు మారాయనేది. సీసాల్లో వచ్చే నీళ్లు ఏ కంపెనీవో చూడకుండా తాగి చెప్పేది, నన్నూ చెప్పమనేది. నీళ్లకు రుచేముంటుంది హజ్జా అంటే, నోరు కడుక్కుని మళ్లీ తాగు అనేది. అదైనా భరించవచ్చు. మాట మీద పెట్టే మెలికలు భరించలేకపోయేదాన్ని. ఒకసారి, డ్రైవరు రోజూ ఆలస్యంగా వస్తున్నాడని రాషిద్‌కు చెబుతుంటే పక్క గదిలోంచి కేక వేసింది.

"రోజూ చూశావా, లచ్చా?"

"నిన్న చూశాను. మొన్న చూశాను."

"అయితే నిన్న, మొన్న అను. మిగతా రోజులు నువ్వెక్కడి నుంచి తెచ్చావు?"

డ్రైవరు నవ్వుకుంటూ పోయాడు. నాకు ఒళ్లు మండింది. అరబ్బీలో ఆమె అన్నదాన్ని నేనిక్కడ తెలుగులో పెడుతున్నాను గాని, ఆ గొంతులోని గీర తెలుగులోకి తేవడం నా వల్ల కాదు.

2020లో జబ్బు వచ్చి ఇళ్లన్నీ తలుపులు వేసుకున్నాయి. అప్పుడే నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఊళ్లో బడి మూసేశారు కాబట్టి మా మనవరాలికి ఆడుకోవడానికి ఎవరూ లేక, ఫోన్లో నాకు పంతులమ్మ అయింది. పిండి చల్లిన పళ్లెంలో వేలితో రాసి చూపిస్తే అక్కడినుంచి అది తిట్టేది. ఇక్కడ ఎదురుగా కుర్చీలో కూర్చుని హజ్జా నవ్వేది. పళ్లు రాలే వయసులో అక్షరాలు మొలుస్తున్నాయా నీకు అనేది. ఆమెకు ఖురాన్ చదవడం తప్ప రాయడం రాదు. కొన్ని నెలలకు నేను కూడబలుక్కుని నాలుగు ముక్కలు రాయగలిగేసరికి హుకుం వచ్చింది. రాయడం వచ్చిందిగా, నా దీవి గురించి రాయి అంది.

ఆ దీవి అబుదాబి తీరానికి అడ్డంగా పడుకున్న సన్నటి ఇసుక దిబ్బ. ఒక పక్క అలలు కొట్టే సముద్రం, ఇంకో పక్క మడ చెట్ల మధ్య కదలని నీళ్లు. గాలి వీచినన్ని రోజులూ ఇసుక ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉంటుంది. అక్కడ మొదట కాపురం పెట్టిన కొద్ది కుటుంబాల్లో హజ్జా అమ్మమ్మది ఒకటి. చలికాలం చేపలకోసం వచ్చి పోయేవాళ్లు, ఒక ఏడాది మంచి వాన పడి నీళ్లు దొరికాయని అక్కడే ఉండిపోయారు. ఖర్జూర మట్టలు పడవలో తెచ్చి పాకలు వేసుకున్నారు. ఎండాకాలం వస్తే మగవాళ్లు ముత్యాల పడవలెక్కి పోయేవారు. ఆడవాళ్లు పిల్లలతో, మేకలతో అక్కడే. గడ్డి లేక మేకలకు ఎండు చేపలు పెట్టేవారట. మసీదు అంటే గోడ లేదు, కప్పు లేదు. మక్కా దిక్కుకు వంపు తిరిగేలా నేల మీద పేర్చిన రాళ్ల వరస, అంతే. చమురు వచ్చాక ప్రభుత్వం నగరంలో ఇళ్లిచ్చింది. అందరూ వచ్చేశారు. పాకలు గాలికి పోయాయి.

ఇదంతా ఆమె చెప్పింది నేను రాసి, నా వచ్చీరాని అరబ్బీలో మళ్లీ ఆమెకు వినిపించాలి. నేను ఊరుకుంటానా. చిన్నప్పుడు హరికథల్లో విన్న మాటలన్నీ తెచ్చి కలిపాను. మహా ధైర్యవంతులైన ఆ ప్రజలు భయంకరమైన సముద్రాన్ని జయించి అని మొదలుపెట్టాను. హజ్జా చెయ్యెత్తింది.

"ధైర్యం అన్నానా నేను? దాహం అన్నాను."

"వినడానికి బాగుంటుంది హజ్జా."

"వినడానికి బాగుండే ముసలమ్మ ఇంకో ఇంట్లో ఉంటుంది. అక్కడికి పోయి వంట చెయ్యి."

ఆ కాగితం మూడుసార్లు చింపించింది. చివరికి నేను ఒక్క మాట కలపకుండా రాసి వినిపిస్తే, బాగుంది అనలేదు. ఊ అంది, అంతే. 2022 చలికాలం దాకా అది పనిలేని ముసలివాళ్లిద్దరి పోట్లాటగానే ఉండేది. ఆ చలికాలం సాలెం అనే ఆఫీసరు ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు. దీవి నడిమధ్యలో గెస్టుహౌసు, దానికి పడవల రేవు కడుతున్నారని, అక్కడ ఎప్పుడైనా జనం కాపురం ఉన్నారేమో రాసుకోవడం తన పని అని చెప్పాడు. కాపురాలున్నాయని తేలితే ఆ చోటు వదిలేస్తారు. వచ్చిపోయే జాలర్లే అని తేలితే చదును చేస్తారు.

ఆ నడిమధ్యలోనే హజ్జా చెల్లెలి సమాధి ఉంది. తల దగ్గరొక రాయి, కాళ్ల దగ్గరొక రాయి. పేరు లేదు, గోడ లేదు. పసిపిల్లగా పోయింది. సాలెం ఆ రాళ్ల ఫోటో చూపించి, ఇవి సమాధి రాళ్లో మామూలు రాళ్లో ఎలా చెప్పగలం, అసలు నీళ్లే లేని చోట సంసారాలెలా ఉంటాయి అని అడిగాడు. తప్పు ప్రశ్న కాదు. నేనైనా అదే అడిగేదాన్ని. హజ్జా మాత్రం అవమానం జరిగినట్టు చూసి, బావి ఉంది, తీసి చూపిస్తాను అంది. ఫిబ్రవరిలో దీవికి వచ్చి చూస్తానని అతను చెప్పిపోయాడు.

బావి ఇసుకలో పూడిపోయి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలియదు. డిసెంబరులో రాషిద్ మమ్మల్ని పడవ ఎక్కించాడు. హజ్జా, చెయ్యి పట్టుకోవడానికి కాలేజీలో చదివే మనవరాలు మరియం, నేను, గంగారాం. గంగారాం ముసఫ్ఫాలో పడవలు బాగుచేసే షెడ్డులో పనిచేసి, తర్వాత రాషిద్ పడవ చూసుకోవడానికి వచ్చాడు. మెట్‌పల్లి పిలగాడు. పిలగాడంటే నాకు. వాడికీ నెత్తి నెరిసింది.

మసీదు రాళ్లు దొరికాయి. అక్కడినుంచి బావికి దారి ఎలా అంటే, సముద్రానికి వీపు పెట్టి నడువు, అలల చప్పుడు వినబడని చోట ఆగు అంది హజ్జా. పెద్ద దిబ్బ చాటున చప్పుడు ఆగే చోటే వాన నీళ్లు ఇంకి నిలుస్తాయట. బాగానే ఉంది గాని ఆమెకు ఈమధ్య దూరపు చప్పుళ్లు వినబడడం లేదు. నీ చెవులు ఇయ్యి అని నన్ను నడిపించింది. నేను ఆగితే ఇక్కడ కాదనేది. వినబడడం లేదు హజ్జా అంటే, నీకు ఇంట్లో నేను పిలిచినా వినబడదు అనేది. ఎండలో అటూ ఇటూ తిరిగి కాళ్లు పీకి, ఇక నాకు చేతకాదని నేను కూలబడిన చోట గంగారాం పార వేశాడు. నడుము లోతులో రాళ్ల చుట్టు బయటపడింది. పగడపు రాళ్లు, చేత్తో పేర్చినవి. మరియం హజ్జా కళ్లు తుడిచింది.

ఇంకాస్త తీసేసరికి ఇసుక తడిసి, మెల్లగా నీళ్లు ఊరి, బెత్తెడు ఎత్తున నిలిచాయి. మా వాగులో చెలిమె తీసినట్టే ఉంది. అరచేత్తో తాగాం. తీపి అని చెప్పను. ఉప్పు లేదు. ఖలాస్, ఇక ముట్టుకోవద్దు అని చెప్పి, మధ్యాహ్నం ప్రార్థన చేసుకుని, టెంటు నీడలో పడుకుంది హజ్జా. మరియం పక్కనే ఫోన్ చూసుకుంటూ కునికింది.

గంగారాం బావిలోకి తొంగి చూశాడు.

"అక్కా, గీ బెత్తెడు నీళ్లు జూస్తే ఆఫీసరు నవ్వుతడు. ఇంకో మూర దింపుదామా? నీళ్లు నిండుగ కనవడాలె గద."

నాకూ అదే అనిపించింది. మా ఊళ్లో ఎండాకాలం బావి అడుగంటితే ఏం చేస్తాం, ఇంకా లోతుకు దిగుతాం. నా బతుకంతా అదే చూశాను. దింపు తమ్మీ అన్నాను. వాడు దింపాడు, నేను తట్ట అందుకున్నాను. ఒంట్లో పాత సత్తువ తిరిగొచ్చినట్టు సంబరం కూడా వేసింది. మూర దిగేసరికి నీళ్లు బుసబుసా ఎగదన్ని మోకాలి ఎత్తుకొచ్చాయి. గంగారాం దోసిలి పట్టి నోట్లో పోసుకుని, వెంటనే ఉమ్మేశాడు. నన్ను చూడలేదు. నేనూ తాగాను. సముద్రం.

హజ్జా లేచి వచ్చింది. రుచి చూడాల్సిన అవసరం కూడా ఆమెకు రాలేదు. నీళ్ల ఎత్తు చూడగానే తెలిసిపోయింది.

"మీ ఊళ్లో భూమి కింద రాయి ఉంటుంది," అంది. "ఇక్కడ భూమి కింద సముద్రం ఉంటుంది. వాన నీళ్లు దాని మీద తేలుతాయి. పొర చింపేశారు."

"ముందు ఎందుకు చెప్పలేదు హజ్జా?"

"ఆగమన్నాను. ఆగడానికి కారణం కూడా కావాలా?"

నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. బతుకంతా బావులు తవ్విన దాన్ని పక్కన పెట్టుకుని, ఒక్క ముక్క విప్పి చెప్పకుండా పోయి పడుకుంది. ముసలామె ముందుగాల జెప్తే ఏంబోయె అని గంగారాం గొణుగుతూనే ఉన్నాడు. ఆమె కుర్చీ వేయించుకుని కూర్చుని మా చేత మళ్లీ పూడ్పించింది. తీసిన ఇసుక వద్దంది, అందులో ఉప్పుందట. దిబ్బ మీది పొడి ఇసుక తట్టలతో మోయించి, మొదట నీళ్లు నిలిచిన చోటు దాకా నింపించి, పైన ఈత చాప కప్పించింది. మళ్లీ తీపి పొర వస్తుందా అని అడిగితే, వాన వస్తే వస్తుంది, ఎంత వస్తుందో నాకేం తెలుసు అంది. ఇంటికొచ్చాక ఆమెతో నేను అవసరానికి తప్ప మాట్లాడలేదు. ఆమె గమనించినట్టు కూడా లేదు.

జనవరిలో వాన పడింది. రోడ్లన్నీ నీళ్లు నిలిచి, కారు మునిగిందని రాషిద్ ఫోన్లో అరుస్తున్నాడు. నేను గుమ్మంలోకొచ్చిన నీళ్లు ఎత్తిపోస్తున్నాను. హజ్జా కిటికీ పట్టుకుని నిలబడి, ఇంకా, ఇంకా అంటోంది.

ఆ బుధవారం పడవలో రాషిద్ తల్లికి నేర్పుతూనే ఉన్నాడు. "యుమ్మా, ఎన్నేళ్ల నుంచి అని అడిగితే రెండు వందల ఏళ్లు అను. ఎవరు లెక్కపెడతారు?" ఆమె నీళ్లవైపు చూస్తూ కూర్చుంది. అతను నావైపు తిరిగి హిందీలో, నువ్వైనా సంఝాయించు అన్నాడు. నా వల్ల ఏమవుతుందని అతను అనుకున్నాడో.

సాలెం ఫోన్ తీసి తేదీ, గంట చెప్పాడు. తర్వాత ఇక్కడ హాజరైనవాళ్లు అని తన పేరు, రాషిద్ పేరు, రాషిద్ తల్లి, మరియం అని చెప్పాడు.

"ఇద్దరిని వదిలేశావు," అంది హజ్జా.

అతను అర్థంకాక చూసి, తర్వాత మా ఇద్దరి పేర్లు అడిగి చెప్పాడు. లచ్చవ్వ అనడానికి తంటాలు పడ్డాడు. గంగారాం సిగ్గుపడి టోపీ తీశాడు.

చాప తీశాం. గంగారాం చేత్తోనే పైపైన ఇసుక తోడాడు. నీళ్లు బెత్తెడే నిలిచాయి. సాలెం తాగి, కొంచెం ఉప్పు తగులుతోంది అన్నాడు. లేదు లేదు తియ్యగా ఉన్నాయని రాషిద్ తాగకుండానే అన్నాడు. హజ్జా అరచేతిలో పట్టుకుని, నోట్లో కాసేపు ఉంచుకుని మింగింది.

"మేకల నీళ్లు," అంది. "మనుషులకు ఇంకో వాన పడాలి."

రాషిద్ నెత్తి పట్టుకున్నాడు. నాకు ఆ ముసలిదాన్ని పట్టుకుని ఊపాలనిపించింది. ఒక్క అబద్ధం, గుక్కెడు అబద్ధం ఆడితే చెల్లెలి మీద గెస్టుహౌసు లేవకుండా ఉంటుంది. సాలెం ఎన్నేళ్లు కాపురమున్నారని అడిగాడు. తెలియదు అంది. బావి ఎవరు తవ్వారన్నాడు. మా అమ్మమ్మ వాళ్లు అని అమ్మ చెప్పేది, నేను చూడలేదు అంది. అతను, మరి మీరు చూసింది చెప్పండి అన్నాడు.

"పాల పళ్లు ఊడుతున్న వయసు నాది. నాన్న ముత్యాల పడవలో ఉన్నాడు. చెల్లికి జ్వరం వచ్చి తెల్లారేసరికి పోయింది. పిల్లను కడగడానికి నీళ్లు తెమ్మని అమ్మ నన్ను పంపింది. ఎండాకాలం, బావిలో ఇంతే ఉన్నాయి." నాలుగు వేళ్లు చూపించింది. "గిన్నె ముంచితే ఉప్పు కలుస్తుందని ఆల్చిప్పతో తీశాను. ఆల్చిప్పతో తీసి తీసి తోలు సంచి నింపాను. చాలా పొద్దు పట్టింది. అమ్మ ఏమీ అనలేదు. ఆ నీళ్లతోనే కడిగి అక్కడ పెట్టింది." రాళ్లవైపు చెయ్యి చూపించింది. "ఇది నేను చూశాను."

ఆ మాట ఆమె కొడుక్కి కూడా తెలియదు. అతని ముఖం చూస్తే తెలిసింది. ఆగమన్నాను, కారణం కావాలా అని నన్ను కసిరిన రోజు నాకు గుర్తొచ్చింది. కోపం తగ్గలేదు. కానీ అది ఎటు పోవాలో తెలియక నాలోనే నిలబడిపోయింది.

సాలెం మెల్లగా ఆ పిల్ల పేరు అడిగాడు.

"షమ్సా. ఇందాక నువ్వు చెప్పినవాళ్లలో చేర్చు. తనూ ఇక్కడే ఉంది."

అతను ఫోన్ దగ్గరకు పెట్టుకుని ఆ పేరు చెప్పాడు.

గెస్టుహౌసు దీవి చివరికి జరిగింది. బావికి, మసీదు రాళ్లకు, ఆ రెండు రాళ్లకు చుట్టూ తాడు కట్టి ఒక బోర్డు పెట్టారు. రెండు వందల ఏళ్లని ఉంటే ఇంకా పెద్ద బోర్డు పెట్టేవారని రాషిద్ ఇప్పటికీ గొణుగుతాడు. మరియం బోర్డు ఫోటో తెచ్చి హజ్జాకు చదివి వినిపించింది. ఇక్కడ పూర్వం కొన్ని కుటుంబాలు నివసించాయి, మంచినీటి బావి ఉండేది, అని రెండు భాషల్లో ఉంది.

"ఎవరెవరో లేదా?" అని అడిగింది హజ్జా.

లేదని చెబితే నా వైపు తిరిగింది. నువ్వు రాయి అంది. ఏ భాషలో, ఎవరు చదువుతారు హజ్జా, నాకు వచ్చింది తెలుగు ఒక్కటే అన్నాను. చదివేవాళ్ల సంగతి నిన్ను అడగలేదు అంది. మరుసటి ఎండాకాలం ఆమె పోయింది. పోతూ ఈ పని కూడా నా నెత్తిన పెట్టి పోయింది. రాద్దామని కూర్చున్నప్పుడల్లా వినడానికి బాగుండే మాట ఒకటి కలం కొసకు వస్తుంది, పక్క గదిలోంచి కేక వినబడుతుంది, కొట్టేస్తాను. ఇలాగైతే ఎప్పటికి పూర్తవుతుందని విసుక్కుంటూనే రాశాను. ఇంతవరకు నేను చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు పెట్టాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు. ఫోన్ పట్టుకున్న సాలెం. రాషిద్. అతని కూతురు మరియం. పడవ నడిపిన గంగారాం. లచ్చవ్వ, అంటే నేను. హజ్జా, ఆమె పేరు మోజా. రెండు రాళ్ల మధ్య, ఆమె చెల్లెలు షమ్సా.